కాన్పుల ఆసుపత్రిలో పిచ్చియ్య

మాచర్ల చుట్టుపక్కల నాపరాళ్ళ క్వారీల్లో పిచ్చియ్య కంటే గట్టి పనివాళ్ళు ఉండొచ్చు గాని, పిచ్చియ్య కంటే ఎక్కువ మాట్లాడేవాడు మాత్రం లేడు. పొరలు పొరలుగా ఉన్న రాతిలో గునపం దూర్చి, పలక విరక్కుండా పైకి లేపడం అతని పని. అది చేస్తూ కూడా పక్కవాడి పని ఎట్లా చెయ్యాలో పక్కవాడికి చెబుతుండేవాడు. మంగలి దగ్గర కూచుంటే కత్తి ఎట్లా పట్టుకోవాలో చెప్పేవాడు, కత్తి తన మెడ మీద ఉన్నప్పుడే. ఒకసారి కారంపూడి బస్సెక్కి డ్రైవరు వెనక సీట్లో కూచుని, “కొంచెం ఎడమకి తియ్యి. గేరు మార్చు. ఆ గేదెకి హారన్ కొట్టు” అని దారి పొడుగునా చెబుతుంటే, డ్రైవరు బస్సాపి కిందికి దిగి, “ఇంక నువ్వే నడుపు” అన్నాడు. పిచ్చియ్య నిజంగానే లేచి స్టీరింగు దగ్గరికి నడిచాడు. ప్రయాణికులంతా కలిసి అతన్ని దించేసి ప్రాణాలు దక్కించుకున్నారు.

“నిద్దట్లో కూడా ఎవరికో దారి చెప్తంటాడమ్మా. పొద్దున్నే లేచి, వాళ్ళు ఊరు చేరారా అని నన్నడుగుతాడు” అనేది అతని భార్య రామలక్ష్మి.

ఎనభై నాలుగులోనో ఎనభై అయిదులోనో, శివరాత్రి వెళ్ళిన కొద్ది రోజులకి, క్వారీలో లారీకి రాయెత్తుతున్నారు. పిచ్చియ్య పని అది కాదు. అయినా దొంతరకి వీపు పెట్టి నిలబడి, పలకలు ఎట్లా పేర్చాలో లారీ మీదున్న వాళ్ళకి చెయ్యూపుతూ చెబుతున్నాడు. వెనక దొంతర్లోంచి ఒక పెద్ద బండ జారింది. అందరూ అరిచారు. అరిచేవాళ్ళు తన మాటకి అడ్డొస్తున్నారనుకుని, “ముందు నే చెప్పేది వినండిరా” అంటూనే పిచ్చియ్య కిందపడ్డాడు.

అదృష్టం ఏమిటంటే కాలు రెండు రాళ్ళ మధ్య పల్లంలో పడింది, అందుకని ఎముక విరగలేదు. దురదృష్టం ఏమిటంటే ఆ బండ ఎడమకాలిని తొడ దాకా గట్టిగా అదిమిపట్టి కూచుంది. పైగా ఆ బండకి ఇంకో దొంతర ఆనుకుని ఉంది. గునపాలతో పెళ్ళగిస్తే మొత్తం వచ్చి మనిషి మీద పడేటట్టుంది.

రామలక్ష్మి తమ్ముడు గురవయ్య కూడా ఆ క్వారీలోనే చేసేవాడు. మనిషి ఎద్దులాగా ఉంటాడు, ఆలోచన తర్వాత సంగతి. “నేనొక్కడినే ఎత్తేస్తా తప్పుకోండి” అని బండని కౌగిలించుకున్నాడు గాని, నలుగురూ కలిసి అతన్ని వెనక్కి లాగారు. సాగర్ రోడ్డు మీద షెడ్డు పెట్టుకున్న లారీ మెకానిక్కు చాంద్ బాషాకి కబురుపెట్టారు. చాంద్ బాషా జాకీ తెచ్చి బండ కింద పెట్టాడు. కింద కంకర వదులుగా ఉండి జాకీ ఒరిగిపోయింది. ఇంకా పెద్ద జాకీ, కింద వెయ్యడానికి చెక్కదిమ్మెలు కావాలని మళ్ళీ ఊళ్ళోకి పోయాడు.

ఈలోగా పొద్దెక్కింది. మొదట్లో నొప్పికి కేకలు పెట్టిన పిచ్చియ్య, కాసేపటికి కేకలు మానేశాడు.

“బావా, ఎట్టా ఉంది?” అన్నాడు గురవయ్య.

“ఏం లేదురా. కాలు ఎటో పోయింది. ఉందో లేదో తెలియట్లా.”

నొప్పి తగ్గేసరికి నోరు లేచింది. పడుకున్న చోటునుంచే తనని ఎట్లా బయటికి తియ్యాలో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ దిమ్మె అటు కాదు, ఇటు. ఆ తాడు కుళ్ళిపోయింది, ఇంకోటి తెండి. ఎవరో నీళ్ళు తాగిస్తే, కుండ అట్టాగేనా పట్టుకునేది అన్నాడు. సంగతి తెలిసి రామలక్ష్మి పరుగెత్తుకొచ్చింది, చుట్టుపక్కల క్వారీల వాళ్ళూ వచ్చారు. వాళ్ళకోసం గోలీ సోడాల బండి వచ్చింది. వచ్చినవాళ్ళు పిచ్చియ్యని పరామర్శించి, పనిలో పనిగా తమ కష్టాలు చెప్పుకున్నారు. ఎవరిదో గట్టు తగాదా ఉంటే బండ కిందనుంచే తీర్పు చెప్పాడు. ఓడినవాడు కూడా, పాపం ఆయన పరిస్థితి చూసి, ఎదురు మాట్లాడలేదు.

చాంద్ బాషా మాత్రం ఊళ్ళో ఊరికే కూచోలేదు. జాకీ లారీలో వేసుకుని, పెద్దాసుపత్రికి పోయాడు. అక్కడి డాక్టరు ఆ రోజు సాక్ష్యం చెప్పడానికి గురజాల కోర్టుకి వెళ్ళాడు. పొడుగు గునపం కోసం ఇనపసామాన్ల అలీ సాహెబ్ కొట్టుకి పోయి ఈ మాట అంటే, అలీ సాహెబ్ చేతిలో తక్కెడ కింద పెట్టి, “మా జీనత్ ఉందిగా. తీసుకెళ్ళు” అన్నాడు.

జీనత్ అలీ సాహెబ్ కూతురు. గుంటూరులో డాక్టరు చదివి వచ్చి, కొట్టు వెనక సందులో చిన్న నర్సింగ్ హోమ్ పెట్టింది. సన్నగా, పొట్టిగా ఉండేది. ఆడమనిషి గనక ఊళ్ళో వాళ్ళు ఆమె దగ్గరికి కాన్పులకే పోయేవాళ్ళు. జ్వరమొచ్చినా మగవాళ్ళు ఆ సందు మొహం చూసేవాళ్ళు కాదు.

“డాక్టరమ్మని తెచ్చావేందిరా? మనోడేమన్నా నీళ్ళోసుకున్నాడా?” అన్నారు క్వారీలో వాళ్ళు, ఆమె ఒళ్ళో సెలైన్ సీసాల పెట్టెతో లారీ దిగుతుంటే.

చాంద్ బాషా వాళ్ళని పట్టించుకోకుండా చెక్కదిమ్మెలు పరిచి, పెద్ద జాకీ బిగించాడు. గురవయ్య జాకీ రాడ్డు పట్టుకుని, “ఎత్తేస్తన్నా బావా! కాసుకో!” అన్నాడు.

“ఆపండి!” అంది జీనత్.

ఎవరూ ఆపలేదు. ఆమె గబగబా వచ్చి, గురవయ్య చేతిలో రాడ్డు లాక్కుని, పక్కనున్న రాయి మీద పడేసి, దానిమీద కూచుంది. కూచున్నామెని లేపి రాడ్డు తీసుకోవడం ఎట్లాగో అక్కడున్న మగాళ్ళెవరికీ తెలియలేదు. గునపాలు పట్టిన చేతులన్నీ అట్లాగే ఆగిపోయాయి.

“ఏందమ్మా ఇది? మనిషి పొద్దున్నించి బండ కింద పడి ఉంటే ఎత్తొద్దంటారేంది?” అన్నాడు గురవయ్య.

“ఎత్తొద్దనట్లేదన్నా. ఇప్పుడే ఎత్తొద్దంటున్నా.”

“ఇప్పుడేమన్నా వర్జ్యముందా?”

“ఉంది” అంది ఆమె.

కిందనుంచి పిచ్చియ్య, “గురవా, డాక్టరమ్మ ముహూర్తం పెడతందిరా, ఉండు” అన్నాడు.

రామలక్ష్మికి మాత్రం ఒళ్ళు మండింది. కొంగు నడుముకి చుట్టి ముందుకొచ్చింది. “ఏమ్మా, నీ మొగుడైతే ఇట్టాగే కూచుంటావా?” అంది.

జీనత్ కోప్పడలేదు. “పిన్నీ, ఒక్క మాట విను. నేను గుంటూరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు వానలకి ఒక గోడ కూలి మనిషి మీద పడింది. మా జీపులో పోయాం. ఆయన నడుం దాకా గోడ కిందుండి కూడా మాతో కబుర్లు చెప్పాడు, టీ తాగాడు. అందరూ కలిసి గోడ ఎత్తి లాగేశారు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన నవ్వుతూ అందరికీ దణ్ణం పెట్టాడు. ఆ చేతులు దించకముందే పోయాడు. గోడ కింద ఉన్నంతసేపూ బానే ఉన్నాడు పిన్నీ. తీశాకే పోయాడు.”

సోడాలవాడు సోడా కొట్టబోయి ఆగాడు.

“అమ్మా, ఆయన పేరేంది?” అన్నాడు పిచ్చియ్య.

“పేరెందుకు బాబాయ్?”

“ఊరికే. పిచ్చియ్య కాదు గదా?”

“కాదు.”

“అయితే సరే.”

ఆమె వాళ్ళకి అర్థమయ్యేటట్టు చెప్పింది. “సాగర్ కాలవకి నీళ్ళు కట్టేస్తారు. ఎండిపోద్ది. చానా రోజులకి మళ్ళీ నీళ్ళు వదిల్తే ముందు ఏమొస్తుంది?”

“చెత్త” అన్నారొకరు.

“బురద. చచ్చిన పాములు” అన్నాడు గురవయ్య.

“అదంతా వచ్చి మీ తూములో పడితే?”

“పూడుకుపోద్ది.”

“బాబాయ్ కాలు ఇప్పుడు ఎండిపోయిన కాలవ. నెత్తురాడక లోపల కండ చెడిపోతోంది. బండ తియ్యగానే నెత్తురు ఒక్కసారిగా కాల్లోకి పోతుంది. మంచిదే. కానీ తిరిగొచ్చేటప్పుడు ఆ చెడిపోయిందంతా మోసుకొస్తుంది. కొంత గుండెకి కొడుతుంది. కొంత మూత్రపిండాల్లో పడి తూములు పూడుస్తుంది. అందుకని ముందే ఒంటినిండా నీళ్ళెక్కిస్తే, బురద పల్చబడి కొట్టుకుపోతుంది. ఆ తర్వాత ఎత్తండి, ఎవరొద్దన్నారు?”

చాంద్ బాషా తలూపుతూ ముందుకొచ్చాడు. “నాకు తెలిసిపోయింది. రేడియేటరు! ఇంజను కాగి ఉన్నప్పుడు మూత తీస్తే నీళ్ళు ఎగిరి మొహాన కొడతాయే, అదే ఇది. పిచ్చియ్య మావ ఇప్పుడు కాగి ఉన్నాడు.”

“అది వేరే చాంద్ భాయ్...” అని మొదలుపెట్టి, జనం మొహాలు చూసి, “సరే, అట్లాగే అనుకోండి” అంది జీనత్. రేడియేటరు మాట చెవిన పడ్డాక ఒక్కరు కూడా ఎదురు చెప్పలేదు.

రాడ్డు రామలక్ష్మి చేతికిచ్చి, “నేను చెప్పిందాకా ఎవరికీ ఇవ్వకు పిన్నీ” అని, ఆమె కిందికి దిగి రెండు చేతులకీ సెలైన్ పెట్టింది. ఒక సీసా గునపానికి కట్టారు. రెండోదానికి గునపం గుచ్చే చోటు లేక గురవయ్య చేతికిచ్చి, చెయ్యి దించకుండా పైకి పట్టుకోమంది. బండలెత్తే గురవయ్యకి సీసా ఒక లెక్కా అని నవ్వుతూ పట్టుకున్నాడు. కాసేపటికి భుజం లాగింది. ఇంకాసేపటికి చెయ్యి వణికింది. దించితే గొట్టంలోకి బావ నెత్తురు ఎదురొస్తోంది. “అమ్మా, బండే తేలికమ్మా” అన్నాడు పళ్ళు బిగించి.

డాక్టరమ్మ సీసాలో సోడా మందు కలపాలని పైకే అనుకుంటూ పెట్టెలో వెతుకుతుంటే, సోడాలవాడు విని పరుగున రెండు సోడాలు పట్టుకొచ్చాడు. ఆ సోడా వేరు, ఈ సోడా వేరని చెప్పినా వినలేదు. తన సోడాతోనే పిచ్చియ్య బతికాడని తర్వాత చానా ఏళ్ళు చెప్పుకుని అమ్ముకున్నాడు.

“బాబాయ్, పొద్దున్నించి ఒంటికి పోశావా?” అని అడిగింది జీనత్.

పిచ్చియ్య చుట్టూ ఉన్న ఆడకూలీలను చూశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోట మాట రాలేదు.

“అడిగేది డాక్టరమ్మ. చెప్పు” అంది రామలక్ష్మి.

“ఏం చెప్పమంటావే, ఇంత తిరణాల ముందు?”

పోయలేదని ఆమెకి అర్థమైంది. చాంద్ బాషాని మందుల షాపుకి పంపి ఇంకొన్ని సీసాలు తెప్పించింది. అవి సగానికి పైగా ఎక్కాక, గుండెకి వెయ్యాల్సిన మందు సూదిలోకి లాగి సిద్ధంగా పెట్టుకుని, పిచ్చియ్య నాడి మీద వేళ్ళుంచి, “ఇప్పుడు” అంది.

రామలక్ష్మి రాడ్డు తమ్ముడికివ్వకుండా చాంద్ బాషాకిచ్చింది. బండ కొద్దికొద్దిగా లేచింది. నలుగురు చంకల్లో చేతులేసి పిచ్చియ్యని ఇవతలికి లాగారు. ఎవరో చప్పట్లు కొట్టబోతే పక్కవాళ్ళు ఆ చేతులు పట్టుకుని ఆపేశారు. పిచ్చియ్య దణ్ణం పెట్టబోతే రామలక్ష్మి అతని చేతుల మీద ఒకటేసింది.

“పెట్టమాక! దణ్ణం పెట్టమాక!”

జీనత్ మొహం ఒక్క నిమిషం పాలిపోయింది. వేళ్ళ కింద నాడి తప్పి తప్పి కొడుతోంది. సూదిమందు మెల్లగా ఎక్కిస్తూ, పెదాలు కదిలిస్తూ ఏదో చదువుకుంది. చాంద్ బాషా కూడా తలవంచి అదే చదివాడు. మిగతావాళ్ళు కోటప్పకొండ త్రికోటేశ్వరుడికి మొక్కుకున్నారు. నాడి సర్దుకుంది. తెల్లగా పాలిపోయి ఉన్న కాలు మెల్లగా ఎర్రబడి, చూస్తుండగానే ఉబ్బడం మొదలైంది.

అప్పుడు నొప్పొచ్చింది. పొద్దున్నించి ఎటో పోయిన కాలు తిరిగొచ్చింది. పిచ్చియ్య ఎత్తుకున్న కేకకి గుట్ట మీద కొంగలు లేచిపోయాయి. దొరికిన గురవయ్యని పట్టుకుని, వాణ్ణీ, వాడి అయ్యనీ, తాతనీ, వాళ్ళ ఇంటిపేరునీ కలిపి తిట్టాడు.

రామలక్ష్మి ఏడుస్తూ నవ్వింది. “మా వంశాన్ని తిడతన్నాడు. ఇంక ఫర్వాలేదు, నా మొగుడే.”

లారీలో పరుపేసి పిచ్చియ్యని నర్సింగ్ హోమ్‌కి తెచ్చారు. అక్కడ మంచాలన్నిటి మీదా బాలింతలే. చివరి మంచం ఖాళీ చేసి, చుట్టూ పాత చీర కట్టి అందులో పడుకోబెట్టారు. జీనత్ గుంటూరులో తనకి చదువు చెప్పిన పెద్ద డాక్టరుకి ట్రంకాల్ బుక్ చేసింది. ఫోను ఉండేది తండ్రి కొట్లో. లైను దొరికేసరికి బజారంతా సాయంత్రం బేరాల మీద ఉంది. అవతల ఆయనకి సరిగ్గా వినపడడం లేదు.

“సార్, కాలు బాగుంది సార్! మూత్రమే ఇంకా రాలేదు! మూత్రం సార్! మూ-త్రం!”

బజారంతా బేరాలాపి విన్నది. ఆయన చెప్పింది ఆమె ఒక్కతే విన్నది. సెలైన్ ఆపకు, కదిలించకు. మూత్రం వస్తే ప్రాణానికి ఢోకా లేదు. రాకపోతే గుంటూరు తీసుకురా, ఇక్కడినుంచి మద్రాసులో నెత్తురు కడిగే మిషను మీదికి పంపాల్సి రావచ్చు. ఆమె ఫోను పెట్టి బయటికి రాగానే, ఎదుటి బట్టల కొట్టాయన, “వచ్చిందామ్మా?” అని అడిగాడు. అప్పట్నుంచి ఆ సందులో ఎవరికెవరు ఎదురైనా అదే మాట.

“బాబాయ్, ఇంకాసేపు చూస్తా. రాకపోతే గొట్టం వేస్తా” అంది జీనత్, ఒక గాజుసీసా చేతికిస్తూ.

గొట్టం ఎక్కడ వేస్తారో ఆయా పాపమ్మ వివరంగా చెప్పింది. పిచ్చియ్యకి చెమటలు పట్టాయి. చీర వెనక సీసా పట్టుకుని పడుకున్నాడు. ఒళ్ళంతా నీళ్ళతో నిండి ఉంది, పొత్తికడుపు బిగిసింది, కానీ రాదు. చీరకి అవతల బాలింతలు, వాళ్ళ తల్లులు, అత్తలు ఊపిరి బిగబట్టి వింటున్నారు. ఏడ్చే బిడ్డలకి రొమ్మిచ్చి నోళ్ళు మూయించారు.

“మీరంతా అట్టా వింటా ఉంటే ఎట్టా వస్తదమ్మా?” అన్నాడు పిచ్చియ్య.

“మేం వినట్లా అన్నా, నువ్వు కానీ” అన్నారు అందరూ ఒకేసారి.

కిటికీలోంచి గురవయ్య, “బావా, పోశావా?” అని అరిచాడు.

“నీ మొహం మండ, అవతలికి పో!”

పాపమ్మకి ఉపాయం తట్టింది. చెంబుతో నీళ్ళు తెచ్చి, ఎత్తునుంచి బకెట్లోకి సన్నటి ధారగా పొయ్యడం మొదలుపెట్టింది. చెంబు అయిపోతే మళ్ళీ నింపుకుని పోసింది. ఆ చప్పుడుకి ఇద్దరు బాలింతలు లేచి బయటికి పోయారు. ఒక అత్తగారు కూడా పోయింది. పిచ్చియ్య మాత్రం అట్లాగే ఉన్నాడు.

చివరికి పని చేసింది రామలక్ష్మి. ఆమె చీర లోపలికి పోయి, మంచం పక్కన కూచుని, కోపం లేకుండా, మెల్లగా అంది: “ఇదిగో, పొద్దున్నించి అందరూ నీ మాట విన్నారు. ఇప్పుడు నువ్వొక్కడివీ ఒక్క మాట విను. నాకు నువ్వు కావాలి. పొయ్యి.”

పిచ్చియ్య కళ్ళు మూసుకున్నాడు. తర్వాత సీసాలో సన్నగా చప్పుడైంది. చీర బయట ఆడవాళ్ళు ఒకళ్ళ చేతులొకళ్ళు పట్టుకున్నారు. పాపమ్మ కిటికీలోంచి తల పెట్టి, “వచ్చింది!” అంది. సందులో ఈలలు వేశారు.

రామలక్ష్మి సీసా తీసి వెలుతుర్లో చూసి కెవ్వుమంది. నల్లగా ఉంది. కాఫీ డికాక్షన్ లాగా ఉంది. జీనత్ వచ్చి చూసి, “భయపడకు పిన్నీ. కాల్లో చెడిపోయిన కండ సరుకు అది. లోపల ఉండిపోతే ప్రమాదం. బయటికొస్తోంది చూడు” అంది. అని, పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకుంది.

రంగు ఎట్లా తేలుతోందో చూసుకోవడానికి వచ్చిన సీసా వచ్చినట్టు కిటికీ గూట్లో వరసగా పెట్టించింది. డికాక్షను పక్కన చిక్కటి టీ, దాని పక్కన పల్చటి టీ. మర్నాటికి నిమ్మకాయ షర్బత్తు దాకా వచ్చింది. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ ముందు పిచ్చియ్యని కాకుండా కిటికీని చూసేవాళ్ళు. పిచ్చియ్య పడుకునే, ఏ సీసా ఎప్పటిదో, దేని రంగు ఏమిటో వివరించేవాడు.

పరామర్శకి వచ్చినవాళ్ళు కొబ్బరిబోండాలు, అరటిగెలలు తెచ్చారు. మూత్రపిండాలు తేరుకునేదాకా అవి పిచ్చియ్య నోట్లో పడకూడదని, వాటిలో ఉండే ఒక రకం ఉప్పు అతని గుండెకి మంచిది కాదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. బావకి బదులుగా గురవయ్య బోండాలు తాగాడు. మూడో రోజు అతనికే కడుపు చెడి, సెలైన్ పెట్టాల్సి వచ్చింది. ఆ సీసా పట్టుకుని నిలబడమని పిచ్చియ్య సలహా చెప్పాడుగాని, ఎవరూ నిలబడలేదు, మేకుకి తగిలించారు.

కాలు వాపు వారం పైగా జీనత్‌ని భయపెట్టింది. రోజుకి ఎన్నోసార్లు వేళ్ళు నొక్కి చూసేది. వాపు తగ్గకపోతే చర్మం కోసి కండకి ఊపిరాడేటట్టు చెయ్యాలంది. కొయ్యాల్సిన పని పడలేదు. మెల్లగా వాపు దిగింది. పాదం మాత్రం పూర్తిగా పైకి లేచేది కాదు. నడిచేటప్పుడు ఎడమ చెప్పు నేలకి రాసుకుని చప్పుడయ్యేది.

అన్ని రోజులు బాలింతల మధ్య ఉండేసరికి పిచ్చియ్య ఆ వార్డుకి పెద్ద అయ్యాడు. బిడ్డని ఎట్లా ఎత్తుకోవాలో తల్లులకి చెప్పాడు. పేర్లు పెట్టాడు. అమ్మమ్మల్నీ నాయనమ్మల్నీ రాజీ చేశాడు. బాలింతల కోసం ఇళ్ళనుంచి వచ్చిన కాయం ఉండలు తలా కాస్త ఇతనికీ పెట్టేవాళ్ళు. ఘాటుకి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ తిన్నాడు. ఇంటికి పోయే రోజు పాపమ్మ మిగతా వాళ్ళకి తీసినట్టే దిష్టి తీసి, నుదుట బొట్టు పెట్టి, “ఇంక దూరంగా ఉండండి” అని రామలక్ష్మిని హెచ్చరించింది. వార్డంతా పగలబడి నవ్వింది.

మాచర్లలో ఆ కబురు తిరగనిచోటు లేదు. “పిచ్చియ్యకి కాన్పయిందంట, ఆడా మగా?” అని అడిగేవాళ్ళు. కొత్తలో గొడవకి పోయేవాడు. తర్వాత తనే, “కాలు. ఎడమ కాలు పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం” అనేవాడు.

ఆ నవ్వులాటలో ఒక మంచి జరిగింది. మగవాళ్ళు ఆ సందులోకి రావడం మొదలుపెట్టారు. చెయ్యి నలిగినవాడు, కడుపునొప్పివాడు, లారీ గుద్దినవాడు, అందరూ జీనత్ దగ్గరికే. చీర తీసేసి నిజమైన పరదా కట్టించి మగవాళ్ళకి వేరే గది వేయించాడు అలీ సాహెబ్. క్వారీల్లో కూడా ఎవడిమీదైనా రాయి పడి కాసేపు గడిస్తే, ఎత్తేముందు డాక్టరమ్మకి కబురు పోవాలని మేస్త్రీలు అనుకున్నారు. అందుకు కారణం అడిగితే మాత్రం ఇప్పటికీ రేడియేటరు కథే చెబుతారు.

క్వారీ పని ఇక చెయ్యలేడని, జీనత్ పిచ్చియ్యని నర్సింగ్ హోమ్‌లో వాచ్‌మన్‌గా పెట్టుకుంది. మొదటి రోజునుంచే గేటు దగ్గర ఆగిన ప్రతి మొగుణ్ణీ పక్కన కూచోబెట్టుకుని, తన కాలి కథంతా, డికాక్షను సీసాతో సహా, చెప్పేవాడు. ఒకరోజు నొప్పులు పడుతున్నామెకి కిటికీలోంచి ఎట్లా ముక్కాలో చెప్పాడు. లోపల ఆమె నొప్పుల్లోనే లేచొచ్చి కొట్టబోయింది. మర్నాడు జీనత్ అతన్ని పిలిచి, “బాబాయ్, నీ ఒళ్ళు పూర్తిగా నయమైపోయింది. ఇంక నువ్విక్కడ ఉండక్కర్లేదు” అంది.

“అంటే పనిలోంచి తీసేస్తన్నావామ్మా?”

“కాదు బాబాయ్. డిశ్చార్జ్ చేస్తున్నా.”

తీసేసి ఆమె ఊరుకోలేదు. స్టేషను రోడ్డులో కొత్తగా పెట్టిన నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో చెప్పి కూచుని చేసే పని ఇప్పించింది. రాతిపలక మీద మిషను తిరుగుతుంటే నీళ్ళు వదలడం, అంతే. ఆ మిషను మోతలో పక్కనున్నవాడి చెవిలో అరిచినా వినపడదు. అక్కడ పిచ్చియ్య అయిదారేళ్ళకి పైగా చేశాడు. పొద్దున్నే రామలక్ష్మి కట్టిచ్చిన అన్నం గిన్నె పక్కన పెట్టుకుని కూచుని, నీళ్ళు వదులుతూ, పలక ఎట్లా పట్టాలో, మిషను ఎట్లా తిప్పాలో, పెళ్ళాంతో ఎట్లా మాట్లాడాలో సాయంత్రం దాకా చెబుతూనే ఉండేవాడు. ఒక్క ముక్క వినపడక, పనివాళ్ళు అతని వైపు చూసి తలూపేవాళ్ళు.

ఇంత బుద్ధిగా మాట వినే మనుషుల్ని తన జన్మలో చూడలేదని పిచ్చియ్య ఇంటికొచ్చి రామలక్ష్మితో చెప్పేవాడు.